చీతా తిరిగి వచ్చింది, దాని గడ్డినేల మాటేమిటి?

కిరుమాంబాక్కం (పుదుచ్చేరి): మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానంలో 2025 నవంబరులో ‘ముఖి’ అనే ఆడ చీతా అయిదు పిల్లలను ఈనింది. వార్తగా ఇది నాలుగు వాక్యాలకు మించదు. అయితే ముఖి నమీబియా నుంచో, దక్షిణాఫ్రికా నుంచో విమానంలో వచ్చినది కాదు. 2023 మార్చిలో కూనోలోనే పుట్టింది. తనతోపాటు పుట్టిన మూడు పిల్లలు ఆ వేసవి ఎండకు తాళలేక చనిపోగా మిగిలిన ఒక్క ప్రాణం అది. ఈ గడ్డపై పుట్టిన చీతా ఈ గడ్డపైనే తల్లి కావడం, పునఃప్రవేశ పథకం మొదలైన తరువాత ఇదే ప్రథమం. అదే నెల 13వ తేదీన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము బోట్స్‌వానా పర్యటనలో ఉండగా ఆ దేశం మరో 8 చీతాలను లాంఛనంగా భారత్‌కు అప్పగించింది.

ఈ రెండు పరిణామాలతో పథకం గట్టెక్కిందని దానిని సమర్థించేవారు అంటున్నారు. తొందరపడవద్దని విమర్శకులు హెచ్చరిస్తున్నారు. ఈ వాదోపవాదాలన్నీ గ్వాలియర్ పక్క అడవుల చుట్టూ తిరుగుతున్నందున, తెలుగు శ్రోతలకు ఇది ఎక్కడో ఉత్తరాది వ్యవహారంగా తోచడం సహజం. కానీ భారతీయ చీతా చరిత్ర చివరి పుటల్లో తెలుగు నేల పేరు ఒకటికి రెండుసార్లు కనిపిస్తుంది. చీతా రాకతో మొదలైన అసలు చర్చ, అంటే గడ్డినేలల చర్చ, కర్నూలు మెట్టలకూ తెలంగాణ కంచలకూ కూనోకన్నా తక్కువ వర్తించేది కాదు.

ముందుగా పేరు సంగతి తేల్చుకోవాలి. 2022 సెప్టెంబరులో నమీబియా జంతువులు దిగిన రోజు మొదలు తెలుగు పత్రికల్లో, టెలివిజన్‌లో చాలాచోట్ల ‘చిరుతలు వచ్చాయి’ అనే రాశారు, చదివారు. మనం చిరుత, చిరుతపులి అనేది వేరే జంతువు. శేషాచలం అడవుల్లో ఉన్నది, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి ప్రాణం తీసినది చిరుతపులి. అది చెట్టెక్కుతుంది, చీకట్లో పొంచి వేటాడుతుంది, ఊరి అంచున కుక్కలనూ మేకలనూ పట్టుకుని బతకగలదు. చీతా ఈ పనుల్లో ఏదీ బాగా చేయలేదు. పట్టపగలు, ఆరుబయట, కంటిచూపుతో, కాలివేగంతో వేటాడే జంతువు అది. కళ్ళ మూలల నుంచి మూతి వరకు జారే నల్లని కన్నీటి చారలు దాని గుర్తు. చిరుతపులికి ఆ చారలు ఉండవు.

ఈ వ్యాసం రాస్తున్న కిరుమాంబాక్కం, పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్ళే దారిలో బాహూరు ప్రాంతపు ఊరు. ఇక్కడి తమిళులు చీతాను ‘సివింగి పులి’ అంటారు. వారి వార్తల్లోనూ అదే మాట. తెలుగువారికి కూడా సివంగి అనే మాట ఉంది. కాని అది అర్థం జారవిడుచుకుని తిరుగుతున్న మాట. ఒకరికి ఆడసింహం, ఇంకొకరికి ఆడపులి, నలుగురిలో గట్టిగా మాట్లాడే స్త్రీకి మెచ్చుకోలు. జంతువు కనుమరుగైతే దాని పేరు ఇలా మరో జంతువు మీదికి వెళ్ళి వాలుతుంది. ‘చీతా’ అనే మాట సంస్కృతంలో మచ్చలు గలది అనే అర్థమిచ్చే చిత్రక శబ్దం నుంచి వచ్చిందే. ప్రపంచమంతా ఆ జంతువును భారతీయ నామంతో పిలుస్తున్నది. మనమే దానిని చిరుతతో కలిపేశాం.

చరిత్రలోకి వెళితే, 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని పేరిట వెలసిన మానసోల్లాసం చీతాలతో జింకలను వేటాడే వినోదాన్ని వర్ణించింది. మచ్చికైన చీతాను కళ్ళకు గంత కట్టి బండి మీద తీసుకువెళ్ళడం, జింకల మంద కనబడగానే గంత విప్పి వదలడం, శతాబ్దాల పాటు సంస్థానాల్లో సాగిన ఆట. అక్బరు కాలంలో ఈ వేట ఎంత విస్తరించిందో మొగలుల చరిత్రలు చెబుతాయి. ఆట వల్ల వచ్చిన నష్టం చీతాలు చంపిన జింకల్లో లేదు. చీతా బోనులో పిల్లలను పెట్టడం బహు అరుదు. బోనులో చీతా ఈనడం జహంగీరుకు రాసిపెట్టుకోవలసినంత వింత. కాబట్టి సంస్థానాలకు కావలసిన ప్రతి చీతానూ అడవి నుంచే పట్టి తేవాలి. అడవిలో తల్లి దగ్గర వేట నేర్చిన పెద్ద జంతువే పనికి వస్తుంది. పిల్లగా పట్టుబడినదానికి వేట రాదు. అంటే సంతానం కనగల జంతువులనే ఏటేటా ఏరి తెచ్చారన్నమాట. 20వ శతాబ్దం వచ్చేసరికి దేశంలో చీతాలు దొరకక, 1918 నుంచి 1945 వరకు సంస్థానాధీశులు ఆఫ్రికా నుంచి దాదాపు 200 చీతాలను దిగుమతి చేసుకున్నారు. ఆఫ్రికా చీతా ఈ దేశంలో కాలుమోపడం 2022లోనే మొదటిసారి అనుకోవడం సరికాదు.

విజయనగరం సంస్థానంలోనూ వేట చీతాలు ఉండేవి. 1880లో విశాఖపట్నంలో, గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ అనే ఆంగ్లేయ అధికారి విజయనగరం రాజావారి చీతా దాడిలో గాయపడి మరణించాడు. భారతదేశంలో చీతా వల్ల మనిషి మరణించినట్లు చరిత్రకారులకు దొరికిన ఏకైక ఉదంతం ఇదే. అదీ అడవి జంతువు వల్ల కాదు, వేటకు తెచ్చిన పెంపుడు జంతువు వల్ల. అయినా బ్రిటిష్ పాలనలో అనేక ప్రాంతాల్లో చీతా తలకు వెల కట్టి బహుమానాలు ఇచ్చారు. పులి, చిరుత, తోడేలు, చీతా అన్నీ ఒకే పద్దులోకి ఎక్కాయి. మనుషుల జోలికి రాని జంతువును హంతకుల జాబితాలో చేర్చిన ఆ పద్దు, ఆనాటి పరిపాలన ఎంత చూపు లేకుండా సాగిందో చెబుతుంది.

1947లో కొరియా సంస్థానపు రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒకే రాత్రి మూడు మగ చీతాలను కాల్చి చంపాడు. నేటి ఛత్తీస్‌గఢ్‌లో జరిగిన ఆ వేట భారతీయ చీతాకు చివరి ఘట్టమని సాధారణంగా చెబుతారు. రుజువు సహితంగా మిగిలిన చివరి రికార్డు అది అన్నమాట నిజమే. అయితే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రిక 1952లో ఒక చిన్న నివేదికను ప్రచురించింది. చిత్తూరు జిల్లాలో చీతా కనిపించినట్లు కిర్క్‌ప్యాట్రిక్ అనే పరిశీలకుడు రాసిన నివేదిక అది. చిత్తూరు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. సరిగ్గా అదే 1952లో మైసూరులో తొలిసారి సమావేశమైన భారత వన్యప్రాణి మండలి చీతాను ప్రత్యేకంగా కాపాడాలని సంకల్పం చెప్పుకుంది. ఆ ఏడే ప్రభుత్వం ఆ జంతువు దేశంలో అంతరించిందని ప్రకటించినట్లు నేడు అందరూ ఉటంకిస్తున్నారు. కాపాడాలన్న తీర్మానం, కడసారి చూపులలో ఒకటి, అంతరించిందన్న ప్రకటన, మూడూ ఒకే సంవత్సరపు పంచాంగంలో పడ్డాయి.

తిరిగి తేవాలన్న ఆలోచనకూ హైదరాబాదుతో సంబంధం ఉంది. 2000 దశకం తొలినాళ్ళలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, అంటే సీసీఎంబీ, డైరెక్టరు లాల్జీ సింగ్ నాయకత్వంలో ఆసియా చీతాను క్లోనింగ్ ద్వారా పుట్టించాలని ప్రతిపాదించింది. ఇరాన్ ఒక జంటను పంపాలి, లేదా కణాలను సేకరించనివ్వాలి. ఇరాన్ రెండింటికీ అంగీకరించలేదు. ఆ దేశాన్ని తప్పు పట్టలేం. ఆసియా చీతా ప్రపంచంలో మిగిలినది అక్కడ ఒక్కచోటనే. 2022 జనవరిలో ఇరాన్ అధికారి ఒకరు తమ దగ్గర 12 మాత్రమే ఉన్నాయని వెల్లడించారు. బోనులో పుట్టి దేశమంతటి ముద్దుబిడ్డ అయిన ‘పిరూజ్’ అనే పిల్ల 2023 ఫిబ్రవరిలో మూత్రపిండాల వ్యాధితో చనిపోయినప్పుడు ఇరాన్‌లో జనం నిజంగానే కన్నీరు పెట్టుకున్నారు.

తరువాత 2009లో, అప్పటి పర్యావరణ మంత్రి, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యుడైన జైరామ్ రమేశ్ హయాంలో ఆఫ్రికా చీతా ఆలోచన ఊపందుకుంది. తగిన స్థలాల కోసం రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో 10 చోట్ల పరిశీలన జరిగింది. 2010 నివేదిక కూనో, నౌరాదేహి, రాజస్థాన్‌లోని షాగఢ్‌లను సూచించింది. తెలుగు నేల మీది స్థలమేదీ పరిశీలనకు కూడా రాలేదు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చీతా నిర్ణయాన్ని కొట్టివేసి, కూనోకు ముందు గిర్ సింహాలను తరలించమంది. 2020 జనవరిలో అదే కోర్టు ప్రయోగాత్మకంగా ఆఫ్రికా చీతాలను తేవచ్చని అనుమతించింది. సింహం నేటికీ రాలేదు. సింహం కోసం ఊళ్ళు ఖాళీ చేసిన 24 గ్రామాల ప్రజలు, వారిలో ఎక్కువమంది సహరియా ఆదివాసులు, ఏ జంతువు వచ్చిందన్న దానితో నిమిత్తం లేకుండా పాతికేళ్ళుగా బయటే ఉన్నారు.

ఇక చీతా జీవన విధానం. పథకం మంచిచెడులన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయి కనుక కొంత వివరంగా చెప్పుకోవాలి.

గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల శరీరం అది. ఆ వేగం కొన్ని వందల మీటర్లకే. ఆ తరువాత రొప్పుతూ కూలబడుతుంది. సన్నని నడుము, పెద్ద ముక్కుపుటాలు, మలుపుల్లో చుక్కానిలా పనిచేసే తోక, పూర్తిగా లోపలికి ముడుచుకోని గోళ్ళు, ఇవన్నీ పరుగు కోసం. బలం కోసం ఏమీ మిగల్లేదు. కనుకనే సింహం గాని, దుమ్ములగొండి గాని, చిరుతపులి గాని ఎదురైతే వేటను వదిలి తప్పుకుంటుంది. టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో నూటికి 95 పిల్లలు స్వతంత్రంగా బతికే వయసుకు రాకముందే చనిపోయాయని, ఎక్కువ భాగం సింహాల పాలయ్యాయని తేలింది. సింహాలు తక్కువగా ఉండే ఎడారి ప్రాంతాల్లో ఈ మరణాలు చాలా తక్కువ. కాబట్టి చీతాకు జింకలు సమృద్ధిగా ఉన్న చోటు ఒక్కటే చాలదు. బలవంతుల మధ్య సందు దొరికే విశాలమైన చోటు కావాలి.

ఈ అవసరమే దానిని రక్షిత అడవుల గీత దాటిస్తుంది. 2016లో వెలువడిన అంచనా ప్రకారం ప్రపంచంలో మిగిలిన చీతాలు సుమారు 7,100. ఒకప్పుడు తిరిగిన నేలలో 9 శాతంలోనే అవి నేడున్నాయి. ఆ మిగిలిన నేలలోనూ నాలుగింట మూడు వంతులు అభయారణ్యాలకు వెలుపలిది. అంటే పశువుల కాపరుల నేల. చీతా కథ ఎక్కడైనా పశువుల కాపరి కథతో కలిసే నడుస్తుంది.

దీనికి తోడు రక్తంలోనే ఉన్న బలహీనత ఒకటి. సుమారు 12,000 ఏళ్ళ క్రితం చీతాల సంఖ్య ఒక్కసారిగా పడిపోయి, మిగిలిన కొద్దిపాటి జంతువుల నుంచే నేటివన్నీ పుట్టాయి. సంబంధం లేని రెండు చీతాల మధ్య చర్మం అతికించినా శరీరం తిరస్కరించనంత దగ్గరి పోలిక వాటిది. ఒక వ్యాధి వస్తే అన్నింటినీ ఒకేలా కుంగదీసే ప్రమాదం ఇందువల్లనే.

ఈ వెలుగులో కూనో అనుభవాన్ని చూడాలి. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికా నుంచి 12, మొత్తం 20 చీతాలు వచ్చాయి. మొదటి ఏడాదిలోనే ఆరు పెద్ద చీతాలు మరణించాయి. ‘సాశా’కు మూత్రపిండాల జబ్బు వచ్చిననాడే ఉంది. ‘దక్ష’ మగ చీతాల దాడిలో పోయింది. వర్షాకాలంలో పోయిన మరణాలు మాత్రం ఎవరూ ముందుగా ఊహించనివి. దక్షిణార్ధ గోళంలో జూన్, జులై నెలలు శీతాకాలం. అక్కడి చీతాకు ఆ నెలల్లో బొచ్చు దట్టమవుతుంది. ఇక్కడ అవే నెలలు ఉక్కపోత, వాన. భూమి మారినా శరీరంలోని పంచాంగం మారలేదు. తడిసి ఆరని దట్టమైన బొచ్చులో, రేడియో పట్టీల కింద పుండ్లు పడి, పురుగులు చేరి, రక్తం విషమయమై కొన్ని చనిపోయాయి. బతికినవాటినన్నింటినీ తిరిగి కంచె లోపలికి తెచ్చి చాలా కాలం అక్కడే ఉంచవలసి వచ్చింది.

తప్పు దిద్దుకోలేదని అనలేం. వానకు ముందు పరాన్నజీవుల నివారణకు మందులు వాడారు. మళ్ళీ దశలవారీగా బయటికి వదిలారు. 2024 మార్చిలో ‘గామిని’కి ఆరు పిల్లలు పుట్టాయి. 2025 ఏప్రిల్ 20న రెండు మగ చీతాలను మంద్‌సౌర్, నీమచ్ జిల్లాల్లోని గాంధీసాగర్ అభయారణ్యానికి తరలించి రెండవ నివాసం ఏర్పరిచారు. 2025 చివరికి దేశంలో చీతాల సంఖ్య 30కి అటూ ఇటూగా ఉంది. వాటిలో సగానికి పైగా ఇక్కడ పుట్టినవే. ఇంత తక్కువ కాలంలో ఇన్ని పిల్లలు నిలవడం పథకాన్ని మొదట్లో శంకించినవారు కూడా అంగీకరించవలసిన ఫలితం.

కాని లెక్కలో మరో వైపు ఉంది. కూనో జాతీయ ఉద్యానం విస్తీర్ణం 748 చదరపు కిలోమీటర్లు. అందులో 21 చీతాలు ఇమడగలవని ప్రభుత్వ కార్యాచరణ ప్రణాళిక అంచనా. నమీబియాలో ఏళ్ళ తరబడి చీతాలను గమనించిన జర్మనీ శాస్త్రవేత్తలు దీనితో విభేదించారు. అక్కడ మగ చీతాల స్థావరాల మధ్య ఎడం 20 నుంచి 23 కిలోమీటర్లు ఉంటుందని, జింకలు ఎన్ని ఉన్నా ఆ దూరం తగ్గదని, కాబట్టి కూనో నుంచి చీతాలు బయటికి పోక తప్పదని వారన్నారు. జరిగినదీ అదే. ‘పవన్’ అనే చీతా 2023లో పదేపదే ఉద్యానం దాటి పొలాల మీదుగా ఉత్తరప్రదేశ్ సరిహద్దు దాకా వెళ్ళింది. మత్తుమందు ఇచ్చి తిరిగి తెచ్చారు. 2024 ఆగస్టులో అది ఒక వాగులో శవమై తేలింది. దారి తప్పింది అని అధికారులు అనే ప్రతిసారీ, చీతా దారి ఎక్కడ ఉందని మనం అనుకుంటున్నామో ఒకసారి ఆలోచించాలి. కూనోలో చిరుతపులులూ తక్కువేమీ కాదు. చెట్ల నీడ ఎక్కువున్న ఆ అడవి, చీతాకన్నా చిరుతకు అనుకూలం.

ఇంకొక అభ్యంతరం జాతికి సంబంధించినది. వచ్చినవి దక్షిణాఫ్రికా ఉపజాతివి. ఇక్కడ పోయినది ఆసియా ఉపజాతి. ఈ రెండూ విడిపోయి పదుల వేల ఏళ్ళయిందని, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2020 నాటి జన్యు పరిశోధనతో సహా పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ వ్యాసకర్త దృష్టిలో ఈ అభ్యంతరానికి మరీ ఎక్కువ బరువు ఇవ్వనక్కర లేదు. ఇరాన్‌లో ఉన్న కొద్దిపాటి జంతువులను కదిలించడం అసాధ్యమైనప్పుడు, గడ్డినేలలో చీతా చేసే పనిని దక్షిణాఫ్రికా చీతా అయినా చేయగలదు. కాకపోతే మనం పోగొట్టుకున్నదే తిరిగి తెచ్చామని చెప్పుకోకూడదు. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు 2013లో సౌదీ అరేబియా నుంచి బహుమతిగా చీతాలు వచ్చాయి. వాటిలో చివరిదైన ‘అబ్దుల్లా’ 2023 మార్చిలో గుండె ఆగి మరణించింది. వేలాది మంది పిల్లలు కళ్ళారా చూసిన జంతువది. ప్రదర్శనశాలలో చీతాను చూపించడానికి అది చాలు. దేశంలో చీతా బతకడానికి మాత్రం నేల కావాలి.

2025 ఏప్రిల్ నాటికి ఈ పథకంపై 112 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. ఒక్కొక్క చీతాకు ఇంత అని భాగించి వెటకారం చేయడం సులభం. ఈ ఖర్చుకు ప్రభుత్వం మొదటినుంచీ చెబుతున్న సమర్థన వేరు. పులి పేరిట అడవులు దక్కినట్లే చీతా పేరిట గడ్డినేలలు, పొదల భూములు దక్కుతాయన్నది ఆ వాదం. వాదం బలమైనదే. పులికి అడవి ఉంది, ఏనుగుకు అడవి ఉంది. బట్టమేకపిట్టకు, తోడేలుకు, కృష్ణజింకకు ఉన్నది బీడు. మన రెవెన్యూ భాషలో బీడు అంటే ఏమీ లేని చోటు.

కేంద్ర భూవనరుల శాఖ కోసం హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బంజరు భూముల అట్లాసులను తయారు చేస్తుంది. 2019లో వెలువడిన అట్లాసు ప్రకారం దేశంలో సుమారు 5.57 కోట్ల హెక్టార్లు, అంటే భూభాగంలో దాదాపు 17 శాతం బంజరు. పొదలున్న నేల, పాడైన మేత భూమి, ఇసుక నేల ఇవన్నీ అందులోని వర్గాలే. ఉపగ్రహం తన పని తాను సక్రమంగానే చేసింది. పేరు పెట్టినది మనం. కృష్ణజింకల మంద మేసే మైదానానికీ, ఉప్పు పేరుకుని చచ్చిన నేలకూ ఒకే శీర్షిక కింద చోటు దొరికింది. శీర్షికలో ‘వ్యర్థం’ అని ఉన్నాక, దానిని ‘ఉపయోగంలోకి’ తేవడం ప్రతి అధికారికీ పుణ్యకార్యమే. ఒకరు యూకలిప్టస్ నాటుతారు, ఒకరు పరిశ్రమకు ఇస్తారు, ఒకరు సౌర ఫలకాలు పరుస్తారు.

తెలుగు పల్లెలో ఈ నేలకు ఇంత బీద పదజాలం లేదు. మందబయలు, మేతపోరంబోకు, బంచరాయి, కంచ, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాడుక, ఒక్కొక్క హక్కు. ఏ నెలలో ఏ బయలు మీద గొర్రెలు తోలాలో గొల్లలకూ కురుమలకూ తెలుసు. తెలంగాణలో ‘కంచ’ అనే మాట 2025 ఏప్రిల్‌లో దేశమంతా వినబడింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్లు, పొదలు తొలగిస్తుండగా సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యం చేసుకుని ఆ నెల 3న ఆపివేయించింది. నెమళ్ళు, జింకలు యంత్రాల వెలుతురులో పరుగెత్తిన దృశ్యాలు అందరూ చూశారు. అది అడవా కాదా అని వాదన నడిచింది. అది ‘కంచ’ అన్న సంగతి ఊరి పేరులోనే ఉంది. కంచకు చట్టంలో ఒక స్థానం ఉండి ఉంటే, అడవి అని రుజువు చేయవలసిన అగత్యమే ఉండేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌కు వస్తే, రాష్ట్ర జంతువు కృష్ణజింక. చీతాకు తరతరాల ఆహారం అదే. దాని పరుగు, చీతా వెంటాడిన యుగాల్లో రూపుదిద్దుకున్నదని జీవశాస్త్రం చెబుతుంది. వెంటాడేది పోయి 70 ఏళ్ళు దాటినా జింక ఇంకా అదే వేగంతో పరుగెడుతున్నది. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం ఈ గడ్డినేలలకు మన ప్రాంతంలో మిగిలిన ప్రధాన ఆనవాలు. బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పడిన ఆ అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కూనోలో నూరో వంతు కూడా కాదు.

అక్కడ జరిగినది చీతా పథకానికి సలహాలిచ్చే ప్రతివారూ చదవదగిన పాఠం. కంచె లోపల గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి. కంచె బయటి బీళ్ళు సాగులోకి, నీటిపారుదలలోకి వెళ్ళిపోయాయి. బట్టమేకపిట్టకు అభయారణ్యం ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న మెట్ట పంటలు, బీళ్ళు కూడా కావాలి. అవి పోవడంతో ఆ పక్షి అక్కడ కనబడటమే అరుదైపోయింది. జింకలు మాత్రం పక్క పొలాల్లోని పంట మీద పడ్డాయి. ఎవరి కోసం అభయారణ్యమో ఆ పక్షి పోయింది, రైతుకు కోపం మిగిలింది. తెలంగాణలో కృష్ణా నది ఒడ్డున నారాయణపేట జిల్లా రైతులదీ ఇదే గోడు. వేటాడే జంతువు లేనిచోట జింకలను అదుపులో పెట్టేది ఎవరన్న ప్రశ్నకు అటవీ శాఖ దగ్గర వల, లారీ తప్ప జవాబు లేదు.

రోళ్ళపాడు ఉన్న ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే గని, శకునాల గ్రామాల పరిసరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. సుమారు 5,900 ఎకరాల్లో ఫలకాలు పరిచారు. దేశానికి సౌర విద్యుత్ కావాలి, అందులో సందేహం లేదు. బట్టమేకపిట్టల కేసులో విద్యుత్ తీగలను భూగర్భంలో వేయమన్న 2021 నాటి ఆదేశాన్ని సుప్రీంకోర్టే 2024లో సవరించుకోవలసి వచ్చిందంటే, రెండు న్యాయమైన అవసరాల మధ్య తూకం ఎంత కష్టమో తెలుస్తుంది. అయితే తూకం వేయాలంటే ముందు రెండు తట్టల్లోనూ ఏదో ఒకటి ఉండాలి కదా. ఒక తట్టలో మెగావాట్లు ఉన్నాయి. రెండవ తట్టలో ‘బంజరు’ అనే మాట ఉంది, అంటే శూన్యం. అక్కడ మేసే మందలు ఎన్ని, గూళ్ళు పెట్టే పక్షులు ఎన్ని అన్న లెక్క భూమి అప్పగించే దస్త్రంలో ఎక్కే నియమం వస్తే, చీతా మీద ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ అర్థం ఉంటుంది.

ఇందులో గొర్రెల కాపరి పాత్రను విడిగా చెప్పాలి. అభయారణ్యం అనగానే మేపు నిషేధం అని అర్థం చేసుకోవడం మన శాఖలకు అలవాటు. గడ్డినేల అడవి వంటిది కాదు. అసలు మేత లేకపోతే పొదలు కమ్ముకుంటాయి, సర్కారు తుమ్మ చొరబడుతుంది, నేల తెరిపి పోతుంది. అతిగా మేపితే మట్టి తేలుతుంది. మధ్యలో ఉన్న మేరను పట్టుకోవడం కాపరికి తరాల విద్య. చీతా అయినా, బట్టమేకపిట్ట అయినా బతికేది ఆ మేరలోనే. నమీబియాలో చీతాలు ఎక్కువగా ఉన్నది పశువుల పెంపక క్షేత్రాల్లోనే, అభయారణ్యాల్లో కాదు. అక్కడ మందలకు కాపలా కుక్కలను పెంచి ఇచ్చి, రైతు చీతాను కాల్చే అవసరం తగ్గించారు. కూనో చుట్టుపక్కల గ్రామాల్లో మేకలు పోయినవారికి పరిహారం ఎన్నాళ్ళలో చేతికి అందుతున్నదన్నది, పిల్లల జననాలకన్నా తక్కువ ముఖ్యమైన వార్త కాదు. మనం దానిని తక్కువగా ప్రసారం చేస్తున్నాం.

బాహూరు చుట్టుపక్కల చెరువు గట్ల మీద మేకలు మేపేవారిని చూస్తే, తీరప్రాంతంలోనూ ఈ నేల ఎలా కుంచించుకుపోతున్నదో అర్థమవుతుంది. పుదుచ్చేరి తన రాష్ట్ర జంతువుగా ఉడుతను ఎంచుకుంది. ఉన్న చోటుకు తగిన ఎంపిక. ఇక్కడికి దక్షిణాన వేదారణ్యం దగ్గర కోడియక్కరైలో కృష్ణజింకలు ఇంకా ఉన్నాయి. చీతా అక్కడికి రాదు, రోళ్ళపాడుకూ రాదు, చిత్తూరుకూ రాదు. ఇప్పుడున్న ప్రణాళికలో తరువాతి చోట్లు గుజరాత్‌లోని బన్ని గడ్డి మైదానం, మధ్యప్రదేశ్‌లోని నౌరాదేహి. బన్ని విషయంలో మాల్ధారీ పశుపోషకులు తమ మేపు హక్కులను అటవీ హక్కుల చట్టం కింద గుర్తించాలని చాలాకాలంగా కోరుతున్నారు. చీతాలు అక్కడ దిగేముందు ఆ పత్రాలు వారి చేతికి వస్తాయా, రావా అన్నది రానున్న నెలల్లో గమనించవలసిన అంశం. ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ముందున్న పని అంతకన్నా చిన్నది, ఖర్చు లేనిది. బంజరు పద్దులో ఉన్న మేత భూముల్లో, కృష్ణజింకలు, తోడేళ్ళు, బట్టమేకపిట్టలు తిరిగిన దాఖలాలున్నవాటిని సర్వే నంబర్లతో సహా విడిగా నమోదు చేయాలి. కర్నూలు, నంద్యాల, అనంతపురం, నారాయణపేట, ఈ నాలుగు జిల్లాలతో మొదలుపెట్టవచ్చు.